నైట్రస్ కిట్ బిగించే ముందు పెట్రోలు లెక్క తేల్చుకోండి

పవర్ పెంచడానికి నైట్రస్ ఆక్సైడ్ గ్యాసు కొట్టిన కారులో పిస్టన్ కరిగిందంటే అందరూ గ్యాసునే తిడతారు. హెడ్డు విప్పి చూస్తే చాలాసార్లు కథ వేరుగా ఉంటుంది. గ్యాసు వచ్చినంత వచ్చింది, దానికి జోడీగా రావాల్సిన పెట్రోలు మాత్రం రాలేదు. పంపు నీరసించడం, ఫిల్టరు పూడిపోవడం, జెట్టు (పెట్రోలును కొలతగా వదిలే సన్న రంధ్రం) చిన్నదవడం, మే నెల ఎండకు బాటిల్ ప్రెషరు ఎగదన్నడం, వీటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. అందుకే ఇక్కడ పెట్రోలు వైపు పనంతా ముందు చెప్పి, గ్యాసు సంగతి ఆ తర్వాత చెబుతున్నాం. బిగించేటప్పుడు కూడా ఇదే వరస పాటించండి.

నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండదు. సిలిండర్ లోపల సుమారు 300 డిగ్రీల వేడి తగిలితే అది విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. దాని బరువులో 36 శాతం ఆక్సిజనే. మామూలు గాలిలో 23 శాతం ఉంటుంది. అదనంగా వచ్చిన ఆ ఆక్సిజన్‌కు సరిపడా పెట్రోలు అందితేనే పవర్ వస్తుంది, అందకపోతే లోహం కాలుతుంది. రసాయన లెక్క ప్రకారం గ్రాము పెట్రోలుకు 9.6 గ్రాముల నైట్రస్ సరిపోతుంది. నడిపేటప్పుడు మాత్రం ఎవరూ అంత దగ్గరగా పోరు. గ్రాము పెట్రోలుకు 5 లేదా 6 గ్రాముల నైట్రస్ దగ్గర ఆపుతారు. ఎక్కువగా పోసిన పెట్రోలు మంటను చల్లబరిచి నాకింగ్‌ను (మిశ్రమం తనంతట తానే పేలడాన్ని) అదుపులో పెడుతుంది.

ఇది ట్రాక్ మీద చేసే పని. రిజిస్ట్రేషన్‌లో ఉన్న బండి వివరాలు మారేలా మార్పులు చేయడం మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కిందికి వస్తుంది. కావలి నుంచి ఒంగోలు దాకా 16వ నంబరు హైవే ఎంత నున్నగా ఉన్నా అది లారీలు, ఆటోలు, గేదెలు తిరిగే రోడ్డు. పరుగు పెట్టాలంటే చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, నెల్లూరు నుంచి పొద్దున బయల్దేరితే ఎండెక్కేలోగా చేరవచ్చు. డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) కావాలన్నా చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందే. అక్కడ గంటల లెక్కన డబ్బు కట్టాలి కాబట్టి, కింద చెప్పిన కొలతలన్నీ ఇక్కడే పూర్తి చేసుకుని బయల్దేరండి.

ఉదాహరణకు తీసుకున్న బండి

లెక్కలన్నీ 2008 తర్వాత వచ్చిన హోండా సిటీ 1.5 ఐవీటెక్ మీద వేశాం. కంపెనీ చెప్పిన పవర్ 118 హెచ్‌పీ. దానికి 35 హెచ్‌పీ షాట్, అంటే నైట్రస్‌తో అంత అదనపు పవర్, వేస్తున్నాం అనుకుందాం. లోపల ఏమీ మార్చని ఇంజన్‌కు అసలు పవర్‌లో మూడో వంతు కంటే ఎక్కువ వేయకపోవడం మంచిది. 1.2 లీటర్ల స్విఫ్ట్ లాంటి బండైతే 25 దగ్గర ఆగండి.

ఇంజన్ బాగుంటేనే ముందుకు పోవాలి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ ఒకదానికొకటి 10 శాతం లోపే ఉండాలి. ఆయిల్ తాగే ఇంజన్‌కు నైట్రస్ పెట్టొద్దు. చాంబర్‌లోకి వచ్చిన ఆయిల్ పెట్రోలు ఆక్టేన్‌ను తగ్గిస్తుంది, నాకింగ్ అక్కడే మొదలవుతుంది. ప్లగ్గులు ఒక మెట్టు చల్లవి వేసి గ్యాప్ 0.8 మిల్లీమీటర్లకు తేవాలి. ఎన్‌జీకే ప్లగ్గుల్లో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లగా ఉంటుంది, కంపెనీ 6 వేసిన చోట 7 వేయండి.

పెట్రోలు ఎంత కావాలి

బండి మామూలుగా ఫుల్ త్రాటిల్‌లో తాగేది హెచ్‌పీకి గంటకు 230 గ్రాములు అనుకోండి. 118ని 230తో గుణిస్తే 27.1 కిలోలు. లీటరు పెట్రోలు 0.74 కిలోలు కాబట్టి గంటకు 36.7 లీటర్లు. నైట్రస్ వల్ల వచ్చే హెచ్‌పీకి కొంచెం ధారాళంగా 290 గ్రాములు వేసుకుంటాం. 35 హెచ్‌పీకి 10.15 కిలోలు, అంటే 13.7 లీటర్లు. రెండూ కలిపి 50.4 లీటర్లు. పంపుకు ఎప్పుడూ 30 శాతం మిగులు ఉండాలి కాబట్టి గంటకు 66 లీటర్లు, అర నిమిషానికి 550 మిల్లీలీటర్లు అందాలి.

550 సంఖ్యను రాసి పెట్టుకోండి. పంపు బాగుందో లేదో తేల్చేది అదే.

ఇంజెక్టర్ల సంగతి కూడా ఇదే లెక్కలో తేలుతుంది. 36.7 లీటర్లను నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోటి నిమిషానికి 153 సీసీ పోయాలి. 80 శాతం డ్యూటీలో, అంటే ఒక్కో సైకిల్‌లో 80 శాతం సేపే తెరిచి ఉండి, ఆ పని చేయాలంటే ఇంజెక్టర్ 190 సీసీది అయి ఉండాలి. నైట్రస్ పెట్రోలు కూడా వాటితోనే పోయించాలంటే ఒక్కోటి 210 సీసీ పోయాలి. 85 శాతం డ్యూటీ దాకా సాగదీసినా 247 సీసీ ఇంజెక్టర్ కావాలి. ఫ్లో అనేది ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 190ని 247 చేయాలంటే 3 బార్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) ప్రెషరును 5 బార్ దాటించాలి. ఆ ప్రెషరు మీద స్టాక్ పంపు ఇచ్చేది సగానికి సగం పడిపోవచ్చు. ఈ సైజు ఇంజన్‌కు డ్రై కిట్ (గ్యాసు మాత్రమే చిమ్మేది, పెట్రోలు ఇంజెక్టర్లే పోయాలి) పెట్టి ప్రెషరుతో నెట్టుకురావాలనే ఆలోచన కుదరదని ఈ లెక్కే చెబుతుంది. పెద్ద ఇంజెక్టర్లు వేసి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మ్యాప్ రాయించగలిగితే డ్రై కిట్ మంచిదే, ఆ మాటకొస్తే అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి అదే. అది కుదరనివాళ్లకు వెట్ కిట్, అందులో గ్యాసుతో పాటు పెట్రోలు కూడా కిట్ నాజిల్‌లోంచే వస్తుంది.

మీ బండి ఇంజెక్టర్లు ఇప్పటికే ఎంత సేపు తెరిచి ఉంటున్నాయో ఓబీడీ స్కానర్‌లో (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) చూడొచ్చు. 1,20,000ను ఆర్‌పీఎంతో భాగిస్తే ఒక సైకిల్‌కు పట్టే మిల్లీసెకన్లు వస్తాయి. 6,500 దగ్గర అది 18.5. స్కానర్ 14 మిల్లీసెకన్లు చూపిస్తే డ్యూటీ 76 శాతం. 16 దాటి చూపిస్తే నైట్రస్ లేకుండానే ఇంజెక్టర్లు అంచుకు వచ్చినట్టు. ముందు వాటిని బయటికి తీసి అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేయించండి. క్లీనింగ్ అయ్యాక నాలుగింటి ఫ్లో కాగితం మీద రాసివ్వమని అడగండి. ఒకటి మిగతావాటికంటే 3 శాతం తక్కువ పోస్తుంటే కరిగేది ఆ సిలిండరే.

పంపును కొలవడం

నీడ ఉన్న ఆరుబయట, గాలి ఆడేచోట చేయండి. డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి. చుట్టుపక్కల వెల్డింగ్, గ్రైండింగ్ ఆగిపోవాలి. ఆటోనగర్ లాంటి చోట పక్క షెడ్డు వాళ్లకూ ముందే చెప్పండి.

ముందుగా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపండి. రైల్‌లో ప్రెషరు పోతుంది. రైల్‌కు వచ్చే పైపు దగ్గర క్విక్ కనెక్టర్ విప్పి, మధ్యలో ఒక టీ పెట్టండి. టీ ఒక కొమ్ముకు 0–7 బార్ గేజు, ఇంకో కొమ్ముకు చిన్న బాల్ వాల్వు, దాని నుంచి ఒక హోస్ లీటరు కొలపాత్రలోకి. ప్లాస్టిక్ పైపును కోసి క్లిప్పు బిగించొద్దు, అది జారిపోతుంది. హోస్ కూడా ఈఎఫ్‌ఐ ప్రెషరుకు తట్టుకునేది, ఇథనాల్‌కు చెడనిది కావాలి. మీటర్ల లెక్కన కోసిచ్చే మామూలు నల్ల పైపు కార్బ్యురేటర్ బండ్లకు, అది 3 బార్‌కు చీలుతుంది.

ఫ్యూజు తిరిగి పెట్టి, రిలే జంపర్ చేసి పంపు నడపండి. బాల్ వాల్వు మూసి ఉన్నప్పుడు గేజు రెగ్యులేటర్ ప్రెషరు చూపిస్తుంది. బండిని బట్టి 3 నుంచి 4 బార్ దాకా ఉంటుంది, ఇక్కడి లెక్కలకు 3 అనుకున్నాం. వాల్వును కొద్దికొద్దిగా తెరవండి. ఒక దశ దాకా ముల్లు కదలదు, ఎందుకంటే రెగ్యులేటర్ ట్యాంకులోకి వదిలే పెట్రోలే ఇటు మళ్లుతోంది. ముల్లు దిగడం మొదలైన చోట ఆపండి. ఇప్పుడు పంపు తోడుతున్నదంతా మీ పాత్రలోకే వస్తోంది. ఆ స్థితిలో అర నిమిషం పట్టండి. 550 మిల్లీలీటర్లు దాటితే పంపు సరిపోతుంది. 450 వస్తే సరిపోదు, ఆ తేడాను జెట్టుతో పూడ్చలేం.

తక్కువ వచ్చిందని వెంటనే పంపు మార్చకండి. పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి ఓల్టేజి చూడండి. బ్యాటరీ దగ్గరికీ ఇక్కడికీ తేడా 0.5 ఓల్టు మించకూడదు. కొత్తపట్నం, ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి వల్ల కనెక్టర్లలో పచ్చగా చిలుం పట్టి ఒక ఓల్టు దాకా అక్కడే తినేస్తుంది. బ్యాటరీ నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 ఆంపియర్ ఫ్యూజు, 30 ఆంపియర్ రిలే పెట్టి, పాత పంపు వైరును రిలే ట్రిగ్గర్‌కు వాడండి. ఎర్త్ కూడా కొత్తగా బాడీకి గీకి బిగించండి. చాలామంది పాజిటివ్ వైరు మార్చి ఎర్త్ పాతదే వదిలేస్తారు, సగం నష్టం అక్కడే ఉంటుంది. ఆ తర్వాత ఫిల్టరు మార్చండి. అప్పటికీ రాకపోతే పంపు. ట్యాంకులో ఇమిడే 255 లీటర్ల వాల్‌బ్రో రకం పంపు ఈ పనికి అవసరానికి మించే ఉంటుంది, కానీ అంత పెట్రోలు వెనక్కి వదలలేని చిన్న రెగ్యులేటర్ ఉంటే రైల్ ప్రెషరు పైకి పోతుంది. పంపు మార్చాక గేజు మళ్లీ చూడకుండా బానెట్ వేయకండి.

ట్యాంకులో పావు వంతు కంటే తక్కువ పెట్రోలుతో నైట్రస్ నొక్కొద్దు. గట్టిగా లాగినప్పుడు పెట్రోలు వెనక్కి పోయి పంపు గాలి పీలుస్తుంది. వేసవిలో ఇంకో బెడద, వేడెక్కిన పెట్రోలు పంపు నోటి దగ్గరే ఆవిరవుతుంది. సగం ట్యాంకు ఉంటే రెండూ తప్పుతాయి.

వెట్ కిట్ జెట్టు: చార్టు కాదు, కొలత

కిట్‌తో వచ్చే చార్టులో హెచ్‌పీకి జెట్టు నంబరు ఇచ్చి ఉంటుంది. ఆ చార్టు ఏదో ఒక ఫ్యూయల్ ప్రెషరుకు, ఏదో ఒక పెట్రోలుకు రాసింది. మీ రైల్‌లో ఉన్నది వేరే కావచ్చు. జెట్టు నంబరంటే అంగుళంలో వెయ్యో వంతులు, 20 నంబరంటే రంధ్రం 0.51 మిల్లీమీటర్లు. గంటకు 13.7 లీటర్లు 3 బార్ మీద పోవాలంటే రంధ్రం దాదాపు అర మిల్లీమీటరు ఉండాలి, అంటే 20 జెట్టు. ఒక నంబరు పెంచి 21 వేస్తే ఫ్లో 10 శాతం పెరుగుతుంది, 22 వేస్తే 21 శాతం. ఫ్యూయల్ జెట్టును ఒక నంబరు పెద్దదానితో మొదలుపెట్టి కిందికి రావాలి. ఎప్పుడూ కింది నుంచి పైకి పోవద్దు.

ఫ్యూయల్ సోలినాయిడ్‌కు (కరెంటుతో తెరుచుకునే వాల్వు) పెట్రోలు రైల్ నుంచే టీ వేసి తీసుకోండి, మధ్యలో చిన్న మెష్ ఫిల్టరు పెట్టండి. అర మిల్లీమీటరు రంధ్రంలో ఇసుక రేణువంత మురికి పడినా చాలు. సోలినాయిడ్ నుంచి నాజిల్‌కు హోస్ 15–20 సెంటీమీటర్లు మించకూడదు. గ్యాసు 900 పీఎస్‌ఐతో వస్తుంది, పెట్రోలు 3 బార్‌తో, అంటే 44 పీఎస్‌ఐతో వస్తుంది. పైపు పొడవైతే నొక్కగానే గ్యాసు ముందు చేరుతుంది, ఆ క్షణం ఇంజన్ లీన్‌గా, అంటే పెట్రోలు తక్కువై, నడుస్తుంది. నొక్కిన ప్రతిసారీ మొదట్లో చిన్న టక్ వినబడితే ముందు చూడాల్సింది ఈ పైపునే.

ఇప్పుడు కొలత. నాజిల్‌ను బయటికి తీసి, జెట్టుతో సహా కొలపాత్రలోకి వంచండి. గ్యాసు బాటిల్ మూసి, నైట్రస్ సోలినాయిడ్ వైరు ఊడదీసి ఉండాలి. పంపు నడిపి, ఫ్యూయల్ సోలినాయిడ్‌కు మాత్రం కరెంటు ఇచ్చి 15 సెకన్లు పట్టండి. 57 మిల్లీలీటర్లు రావాలి. కాయిల్ చల్లబడనిచ్చి ఇంకోసారి పట్టండి. రెండు కొలతలకు 2 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే సోలినాయిడ్ సీటులోనో ఫిల్టరులోనో ఏదో ఉంది. పడుతున్నప్పుడు గేజు కూడా చూడాలి. జెట్టు తెరిచాక కూడా 3 బార్ నిలబడాలి. 2.7కు పడితే జెట్టూ ఇంజెక్టర్లూ రెండూ 5 శాతం తక్కువ పోస్తాయి.

నాజిల్ త్రాటిల్ బాడీకి 10–15 సెంటీమీటర్ల ముందు, పైపు తిన్నగా ఉన్నచోట, మధ్యలోకి చిమ్మేలా పెట్టండి. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండైతే నాజిల్ దాని తర్వాతే రావాలి. వంపు దగ్గర పెడితే పెట్రోలు గోడకు కొట్టుకుని మడుగు కడుతుంది. ప్లాస్టిక్ మానిఫోల్డ్‌లో ఆ మడుగు ఒక్క బ్యాక్‌ఫైర్‌తో పేలుతుంది.

బంకులో వచ్చే పెట్రోలు

ఇప్పుడు మన బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. శుద్ధ పెట్రోలుకు గాలి నిష్పత్తి 14.7 అయితే ఈ20కి 13.5. అదే ఆక్సిజన్‌కు బరువులో దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. కిట్ చార్టులు దీన్ని లెక్కేసుకోవు. కాబట్టి 57 బదులు 62 మిల్లీలీటర్లు వచ్చే జెట్టు వేయండి, 21 నంబరు దాదాపు అక్కడికే వస్తుంది. వైడ్‌బ్యాండ్ మీటర్‌ను (పొగను బట్టి మిశ్రమాన్ని కొలిచేది) ఏఎఫ్‌ఆర్‌లో (గాలి, ఇంధనాల నిష్పత్తి) కాకుండా లాంబ్డాలో (1 అంటే సరిగ్గా సరిపోయినట్టు, తగ్గేకొద్దీ పెట్రోలు ఎక్కువ) పెట్టుకోండి, పెట్రోలులో ఏం కలిసినా ఆ అంకె అర్థం మారదు.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో నెలల తరబడి నిలిపిన బండి ట్యాంకులో నీళ్లు పట్టిన ఇథనాల్ విడిపోయి అడుగున చేరుతుంది, పంపు ముందుగా తోడేది దాన్నే. అలాంటి బండికి ట్యాంకు దింపి కొత్త పెట్రోలు పోయకుండా పని మొదలుపెట్టొద్దు. పాత కిట్ల ఫ్యూయల్ సోలినాయిడ్లలో రబ్బరు సీటు ఇథనాల్‌కు ఉబ్బి సగమే తెరుచుకోవచ్చు. ఇంతకుముందు చెప్పిన 15 సెకన్ల కొలతలో ఇది కూడా బయటపడుతుంది.

బాటిల్ ప్రెషరు, మన ఎండ

విదేశీ కిట్లలో బాటిల్ హీటర్ అమ్ముతారు. మనకు కావాల్సింది చల్లబరిచే ఏర్పాటు. బాటిల్ లోపల నైట్రస్ ద్రవంగా ఉంటుంది, దాని ప్రెషరు వేడిని బట్టే మారుతుంది. 20 డిగ్రీల దగ్గర 735 పీఎస్‌ఐ, 25 దగ్గర 820, 30 దగ్గర 915 దాకా. ట్యూనింగ్‌కు పెట్టుకునే ప్రెషరు 900–950. అంటే నెల్లూరులో తెల్లవారుజామున ఉండే వేడి చాలు. 36.4 డిగ్రీలకు 1,050 దాటాక లోపల ద్రవమూ ఆవిరీ అనే తేడానే పోతుంది. అక్కడి నుంచి ప్రెషరు బాటిల్‌లో ఎంత నింపారన్నదాన్ని బట్టి ఎగబాకుతుంది, సాంద్రత పడిపోతుంది, జెట్టులోంచి ఎంత పోతుందో లెక్కకు అందదు. రోహిణి కార్తెలో మూసిన డిక్కీ లోపల వేడి బయటికంటే ఎంతో ఎక్కువ ఉంటుంది. నిండు బాటిల్‌ను అందులో వదిలితే సుమారు 3,000 పీఎస్‌ఐకి రాసిన సేఫ్టీ డిస్కు పగిలి మొత్తం గ్యాసు ఒక్కసారిగా బయటికి కక్కుతుంది. అందుకే డిస్కు నుంచి కారు బయటికి బ్లోడౌన్ పైపు తప్పనిసరి. గ్యాసు క్యాబిన్‌లో నిండితే లోపలివాళ్లకు ఊపిరాడదు.

పెట్రోలుకూ దీనికీ సంబంధం ఇదీ: ప్రెషరు 950 దాటి పెరుగుతుంటే గ్యాసు కూడా ఎక్కువ పోతుంది, పెట్రోలు జెట్టు మాత్రం ఎంత పోసేదో అంతే పోస్తుంది. పొద్దున 7 గంటలకు లాంబ్డా 0.80 చూపించిన బండి మధ్యాహ్నం అదే జెట్లతో లీన్‌కు జరుగుతుంది. పొద్దున కుదిరింది కదా అని మధ్యాహ్నం గేజు చూడకుండా నొక్కినప్పుడే ఎక్కువ ఇంజన్లు పోతాయి.

చల్లబరచడానికి మన దగ్గర వస్తువులకు కొదవ లేదు. రొయ్యల పట్టుబడికి వాడే పెద్ద థర్మాకోల్ పెట్టె, కొంచెం ఐసు, తడి గోనె సంచి చాలు. బాటిల్‌ను పెట్టెలో పడుకోబెట్టి పైన తడి గోనె కప్పి, పక్కన ఐసు ప్యాకెట్లు పెట్టండి. గేజు 900కు దిగగానే తీసేయండి. మరీ చల్లబడి 700కు పోతే గ్యాసు తగ్గి ఇంజన్ రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది, గుడగుడమని నల్లపొగ వదులుతుంది. ప్రెషరు పెంచాలనుకుంటే నీడలో వదిలేయండి. మంట, హీట్‌గన్ దగ్గరికి తేవద్దు.

బిగించేటప్పుడు బాటిల్ వాల్వు కారు ముందువైపు ఉండాలి, ఆ కొన కొంచెం పైకి లేచి ఉండాలి, లేబుల్ పైకి కనబడాలి. లోపలి సైఫన్ గొట్టం వెనక అడుగుకు వంగి ఉంటుంది, కారు ఉరికినప్పుడు ద్రవం అక్కడికే చేరుతుంది. తిరగేసి పెడితే ద్రవం బదులు ఆవిరి వస్తుంది. నైట్రస్ వైపు ఫ్లేర్ ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. టేపు ముక్క సోలినాయిడ్ సీటులో ఇరుక్కుంటే గ్యాసు ఆగదు. ఆయిల్, గ్రీజు కూడా గ్యాసు దారిలో ఉండకూడదు. నింపడం లైసెన్సు ఉన్న చోటే జరగాలి. ప్రెషర్ సిలిండర్లకు 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం వర్తిస్తాయి. ఆసుపత్రి సిలిండర్ నుంచి ఇంట్లో ఎక్కించుకునే ఆలోచన పెట్టుకోకండి, ఎంత నిండిందో తెలియని బాటిల్ ఎండలో బాంబే.

గ్యాసును తూకం వేయండి

పెట్రోలును పాత్రలో పట్టినట్టే గ్యాసును కాటా మీద పట్టుకోవచ్చు. 35 హెచ్‌పీ షాట్‌కు సెకనుకు సుమారు 14 గ్రాములు ఖర్చవుతుంది. కిరాణా కొట్లలో వాడే ఎలక్ట్రానిక్ కాటా 5 గ్రాముల తేడా చూపిస్తే చాలు. బాటిల్ తూచి బిగించి, మొత్తం 10 సెకన్లు వాడి, విప్పి మళ్లీ తూచండి. 140 గ్రాములకు అటూ ఇటూ తగ్గి ఉండాలి. పర్జ్ (లైన్‌లోని ఆవిరిని బయటికి వదలడం) కొట్టిన గ్యాసు ఇందులో కలవకుండా, పర్జ్ అయ్యాకే మొదటి తూకం వేయండి. 180 తగ్గిందంటే మీది 35 షాట్ కాదు, 45. దానికి మీరు పోస్తున్నది 35కి సరిపడే పెట్రోలు.

4.5 కిలోల బాటిల్‌లో చివరి ఐదో వంతును నమ్మొద్దు. ద్రవం అయిపోవస్తుంటే ప్రెషరు పడి, ఆవిరి కలిసి, ప్రతి పరుగుకూ మిశ్రమం వేరుగా ఉంటుంది. ట్యూనింగ్ రోజున నిండు బాటిల్ తీసుకెళ్లండి.

గ్యాసును ఆపే స్విచ్చులు

నైట్రస్ రిలే ఎర్త్ దారిలో నాలుగు స్విచ్చులు వరసగా ఉండాలి. ఏ ఒక్కటి తెగినా గ్యాసు ఆగిపోవాలి.

ఒకటి చేతి స్విచ్చు. రెండోది త్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడే కలిసే స్విచ్చు. మూడోది ఫ్యూయల్ ప్రెషర్ స్విచ్చు. ఇది రైల్ మీద ఉంటుంది, 3 బార్ బండికి 2.7 దగ్గర తెగేలా సెట్ చేయండి. ఖరీదు తక్కువ, కాపాడేది ఇంజన్ మొత్తాన్ని, అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే. నాలుగోది ఆర్‌పీఎం విండో స్విచ్చు. 3,500 దగ్గర కలిసి, రెవ్ లిమిటర్‌కు 300–400 ముందే తెగాలి. లిమిటర్ తగిలినప్పుడు ఈసీయూ ఆపేది ఇంజెక్టర్లను. అప్పుడు గ్యాసు మాత్రం పోతూ ఉంటుంది. ఆ అర సెకనులో రింగు ల్యాండ్ (పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు) విరిగిపోతుంది. కింది హద్దుకూ కారణం ఉంది. 35 హెచ్‌పీ అంటే 6,000 దగ్గర 41 న్యూటన్ మీటర్ల టార్క్, 2,500 దగ్గర అదే దాదాపు 100. కనెక్టింగ్ రాడ్డు మీద ఆ భారం ఒక్కసారిగా పడుతుంది.

ఇగ్నిషన్ టైమింగ్‌ను ఈ షాట్‌కు 2 నుంచి 4 డిగ్రీలు వెనక్కి తీయండి. పెట్రోలు 95 ఆక్టేన్‌ది పోయండి.

మొదటి పరుగు

గ్యాసు లేకుండా మూడో గేరులో 3,000 నుంచి 6,500 దాకా ఫుల్ త్రాటిల్‌లో లాగి లాంబ్డా, రైల్ ప్రెషరు రికార్డు చేయండి. లాంబ్డా 0.86–0.88 మధ్య ఉండాలి. ఇక్కడే 0.92 చూపిస్తే నైట్రస్ మాట మర్చిపోయి ముందు దాన్ని సరిచేయండి.

తర్వాత బాటిల్ 920 దగ్గర ఉండగా పర్జ్ కొట్టి, 4,000 దాటాక రెండు సెకన్లు మాత్రం నొక్కండి. లాంబ్డా 0.78–0.82 మధ్యకు రావాలి, ప్రెషరు 0.15 బార్ కంటే ఎక్కువ పడకూడదు. రెండూ సరిగా ఉంటే ఇంజన్ అక్కడికక్కడే ఆపి, న్యూట్రల్‌లో పక్కకు దొర్లించి, ప్లగ్గులు నాలుగూ విప్పండి. ఐడిల్‌లో నడిపిస్తే ప్లగ్గు మీది గుర్తులు చెరిగిపోతాయి. తెల్ల పింగాణీ మీద మిరియపు పొడిలా నల్లచుక్కలుంటే నాకింగ్ మొదలైనట్టు. వెండిరంగు మెరుపు చుక్కలుంటే పిస్టన్ అల్యూమినియం కరుగుతోంది, ఆ రోజుకు పని ఆపేయాలి. ఎర్త్ ఎలక్ట్రోడ్ మీద నీలిరంగు ఛాయ మొదలు దాకా పాకితే వేడి ఎక్కువైంది, టైమింగ్ ఇంకో డిగ్రీ వెనక్కి తీయాలి. నాలుగింటిలో ఒక్కటే తేడాగా ఉంటే అది ఇంజెక్టరో, వెట్ నాజిల్ పంపకమో. నాజిల్ నుంచి ఎక్కువ వంపు తిరిగి చేరాల్సిన సిలిండరుకు పెట్రోలు తక్కువ చేరుతుంది. అన్నీ బాగుంటేనే నాలుగు సెకన్లకు, ఆ తర్వాత పూర్తి పరుగుకు పోండి.

లాంబ్డా 0.76 కంటే కిందికి పోయి బండి బరువుగా లాగితే ఫ్యూయల్ జెట్టు ఒక్క నంబరు తగ్గించండి. 0.84 దాటితే గ్యాసు జెట్టు తగ్గించండి, పెట్రోలు జెట్టు ముట్టుకోవద్దు. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. పరుగు మొదట్లో బాగుండి చివర్లో లీన్ అయితే పంపు ఓల్టేజి, ఫిల్టరు చూడండి. మొదట్లోనే లీన్ అయి తర్వాత సర్దుకుంటే నాజిల్ హోస్ పొడవు చూడండి. పొద్దునొకలా మధ్యాహ్నమొకలా ఉంటే బాటిల్ గేజు చూడండి.

పరుగులు అయ్యాక బాటిల్ వాల్వు మూసి, లైన్‌లో మిగిలింది పర్జ్‌తో వదిలేయండి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు నాజిల్ ద్వారా వదలొద్దు. కనెక్షన్ విప్పేటప్పుడు తోలు గ్లౌజులు వేసుకోండి, ద్రవం తగిలితే చర్మం గడ్డకడుతుంది. బాటిల్‌ను డిక్కీలోంచి తీసి నీడలో పెట్టండి. మర్నాడు పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందే నాజిల్ ఊడదీసి కొన చూడండి. పెట్రోలు తడి కనబడితే ఫ్యూయల్ సోలినాయిడ్ కారుతోంది. రాత్రంతా కారిన పెట్రోలు మానిఫోల్డ్‌లో ఉంటే స్టార్టర్ తిప్పగానే పేలుతుంది. అలాంటప్పుడు మానిఫోల్డ్ ఆరనిచ్చి, సీటు కిట్ మార్చి, 15 సెకన్ల కొలత మళ్లీ చేశాకే బండి స్టార్ట్ చేయండి.